కండక్టరమ్మ కుర్చీబండి

మా అత్తగారింట్లో బెల్లు పడితే గానీ ఏదీ కదలదు.

పెళ్లయ్యాక ఆ ఇంట్లో నా మొదటి భోజనం నాకు బాగా గుర్తు. కంచాల్లో వడ్డన పూర్తయింది. నా కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయి. అయినా ఎవరూ చెయ్యి కదపడం లేదు. కొత్త కోడల్ని కదా, నేనూ బుద్ధిగా కూర్చున్నాను. అత్తయ్య అందరి కంచాలూ ఒకసారి కలయజూసి, చెంచాతో స్టీలు గ్లాసు మీద రెండుసార్లు టింగుటింగుమనిపించారు. అప్పుడు మొదలైంది తినడం. మధ్యలో మా ఆయన ఫోను బయటికి తీశాడు. టింగుమని ఒక్క దెబ్బ పడింది. మామయ్య చేతిలో ముద్ద నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఫోను జేబులోకి వెళ్లాక మళ్లీ రెండు. ముద్ద లోపలికి వెళ్లింది.

ఒకటి కొడితే ఆగాలి, రెండు కొడితే పోవాలి అని మా ఆయన నా చెవిలో చెప్పాడు. మా ఆయన అనే మాట నాకింకా కొత్త. కొత్త చెప్పులు వేసుకుని ఇల్లంతా తిరిగినట్టు, అవసరం ఉన్నా లేకపోయినా ఆ మాట వాడేస్తున్నానని నేను పనిచేసే కళ్లజోళ్ల షాపులో ఒకటే ఏడిపిస్తారు. ఏడిపించనీ.

అత్తయ్య సిటీ బస్సులో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. మామయ్య అదే బస్సుకి డ్రైవరు. ఉద్యోగం చేసినంత కాలమూ ఒకటే రూటు. ఆ రూట్లో జనం అత్తయ్యని పేరు పెట్టి పిలవడం ఎప్పుడో మర్చిపోయారట, అందరికీ ఆవిడ డబుల్ బెల్లే. ఆవిడ రెండు బెల్లులు కొట్టనిదే మామయ్య బండి కదిపేవారు కాదు. వెనక లారీలు హారన్లు మోగించినా, ట్రాఫిక్ పోలీసు వచ్చి అద్దం మీద కొట్టినా, మామయ్య బొమ్మలా కూర్చునేవారు. బెల్లు పడకుండా బండి తీస్తే ఎవరి కాలో మెట్టు మీద ఉంటుంది, ఎవరి చెయ్యో తలుపులో ఉంటుంది. అదంతా కనిపించేది కండక్టరుకే, డ్రైవరుకి కాదు అనేవారు.

అత్తయ్య కూడా ఏమీ తక్కువ కాదు. కండక్టరుకని ఒక సీటు ఉండేది. అందులో ఆవిడ ఒక్క రోజూ కూర్చోలేదు. పసిపిల్లల తల్లుల్నీ, బరువులు మోసుకొచ్చినవాళ్లనీ కూర్చోబెట్టేవారు. ఆవిడ మాత్రం ఆ కుదుపుల్లో, ఆ బ్రేకుల్లో, నిలబడే అన్నేళ్లూ గడిపేశారు. దానికి మోకాళ్లు తర్వాత లెక్క అడిగాయి. నేను ఈ ఇంటికి వచ్చేసరికి ఆవిడ చేతికర్రతో నేల మీద నెమ్మదిగా నడవగలరు గానీ మెట్టు ఎక్కలేరు.

మా ఇంటికేమో మెట్లే ప్రాణం. కింద ఒక ముందుగది, వంటిల్లు, స్నానాలగది. పడగ్గదులు రెండూ పైన. చిన్నది మాది, పెద్దది అత్తయ్యా మామయ్యలది. మోకాళ్లు మొండికేశాక అత్తయ్య కింద ముందుగదిలో ఒంటి మంచం వేయించుకున్నారు. రెండో మంచానికి చోటు లేదు. మామయ్య కొన్నాళ్లు సోఫాలో పడుకుని చూశారు. నడుం పట్టేసి, పొద్దున్నే కొడవలిలా వంగి లేస్తుంటే అత్తయ్యే ఆయన్ని కసిరి పైకి పంపించేశారు. అప్పటినుంచీ ఇద్దరూ మెట్ల దగ్గర విడిపోతారు. మామయ్య పైమెట్టు మీద నిలబడి, పోనా మరి అంటారు. అత్తయ్య కింద నుంచి చేతికర్రతో నేల మీద రెండుసార్లు కొడతారు. ఆయన వెళ్తారు. పెళ్లయి కొన్ని నెలలే అయిన నాకు ఆ కర్ర చప్పుడు వింటే ఏదోలా ఉండేది. మేమిద్దరం ఒకే గ్లాసులో రెండు టూత్‌బ్రష్షులు పెట్టుకుని మురిసిపోతున్న ఇంట్లో, పెద్దవాళ్లిద్దరూ ఒక అంతస్తు ఎడంగా ఉండడం నాకు నచ్చలేదు.

ఇంకో సంగతి ఉంది. పెద్దగది కిటికీ. అందులోంచి చూస్తే బస్సు డిపో గేటు, దాని ముందు మలుపు కనిపిస్తాయి. రిటైరయ్యాక ఇద్దరూ రోజూ పొద్దున టీ గ్లాసులతో అక్కడే కూర్చునేవారట. ఏ బండి టైముకి బయటపడింది, ఎవడు మలుపులో గేరు మార్చలేక అవస్థ పడ్డాడు, ఏ కండక్టరు తలుపు దగ్గర జనం ఎక్కకముందే బెల్లు కొట్టేశాడు, ఇవన్నీ చూసి తీర్పులు చెప్పడం వాళ్ల పని. కింద ముందుగది కిటికీ తెరిస్తే కనిపించేది పక్కింటి గోడ. ఇప్పుడు మామయ్య ఒక్కరే పైనుంచి చూసి, కిందకి కేకేసి చెబుతారు. ఆయన లెక్క ప్రకారం ప్రతి బండీ టైముకే వస్తుంది, ప్రతి డ్రైవరూ బంగారమే.

"డ్రైవరు ఏనాడైనా డ్రైవరు తప్పు చెబుతాడుటే?" అనేవారు అత్తయ్య నాతో. "నా కళ్లతో నేను చూస్తే గానీ ఆ రూటు ఏమైపోయిందో తెలీదు."

ఆవిడ ఈ ఇంట్లో అడిగింది అదొక్కటే. అదీ నోరు తెరిచి అడగలేదు.

కుర్చీ సంగతి నాకు షాపులో తెలిసింది. కొత్త కళ్లజోడు పెట్టుకుని చూసుకుంటున్న ఒక రిటైర్డ్ టీచరమ్మ, ఇక మా ఇంట్లో మెట్ల కుర్చీలో పైకి వెళ్తూ కూడా చదువుకోవచ్చు అన్నారు. మెట్ల కుర్చీ ఏమిటండీ అని నేను వదలకుండా పట్టుకున్నాను. మెట్ల మీద ఒక పక్కగా పట్టా బిగిస్తారట, దాని మీద కుర్చీ కరెంటుతో పైకీ కిందకీ పోతుందట. చూడాలంటే రమ్మన్నారు. ఆ ఆదివారం నేనూ మా ఆయనా సైకిలు మీద వాళ్లింటికి వెళ్లాం. చూడ్డానికి వెళ్లినవాళ్లం చూసి రావాలి కదా. చెరో రెండు ట్రిప్పులు వేశాం. నేను మూడు. దిగేటప్పుడు టీచరమ్మ నవ్వుతూ, ఇది ముసలివాళ్ల కోసం కొన్నాను, మీరు పిల్లల్ని కని, మనవల్ని కూడా ఎత్తుకున్నాక రండి అన్నారు. మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి. దారంతా ఆ చెవులే చూస్తూ వచ్చాను.

కుర్చీ బిగించే మెకానిక్కు వారం తిరక్కుండా వచ్చాడు. మోకాళ్లకి తొడుగులు కట్టుకుని, మెట్టు మెట్టుకీ మోకరిల్లుతూ పట్టా బిగించాడు. డ్రిల్లు పొడి తనే ఊడ్చుకున్నాడు. కుర్చీకి మడత పడే సీటు, పాదాలు పెట్టుకునే పలక, నడుముకి బెల్టు ఉన్నాయి. కుడిచేతి కింద బొటనవేలంత మీట. దాన్ని నొక్కి పట్టుకున్నంతసేపు కుర్చీ పోతుంది, వదిలితే ఆగుతుంది. పైకి చేరాక సీటు పక్కకి తిరుగుతుంది, మెట్లకి వీపు పెట్టి భద్రంగా దిగొచ్చు. ఎవరైనా సాయం చెయ్యడానికి ఒక రిమోటు కూడా ఇచ్చాడు.

వెళ్లేముందు అతను ఒక మాట ఖచ్చితంగా చెప్పాడు. ఇవి అద్దె కుర్చీలు, కావాలని ఎదురుచూసేవాళ్లు చాలామంది ఉన్నారు. శుక్రవారం సాయంత్రం మళ్లీ వస్తాను. ఎవరి కోసం బిగించానో వాళ్లే, వాళ్ల చేత్తో నడిపి పైకి వెళ్లి కిందకి రావాలి. లేకపోతే విప్పుకుపోతాను.

"బట్టలారేసుకునే కుర్చీలు చాలా ఇళ్లలో చూశానండీ. తడి దుప్పట్లు ఆరేసుకోవడానికైతే నాకెందుకు ఇంత శ్రమ," అన్నాడు.

ఆ సాయంత్రమే మొదటి ట్రిప్పు. అత్తయ్య జుట్టు దువ్వుకుని వచ్చారు. కుర్చీ చుట్టూ చూశారు, పలక మీద కర్రతో తట్టారు, బెల్టు లాగి చూశారు. డ్యూటీ ఎక్కేముందు బస్సు చూసుకున్నట్టే. తర్వాత కూర్చున్నారు. నేను బెల్టు పెట్టాను. మామయ్య పైమెట్టు దగ్గర నిలబడ్డారు. అత్తయ్య తల తిప్పి, ముందు పాదాల పలక కింద, తర్వాత నా వైపు, తర్వాత పైకి చూస్తున్నారు. అంతలో మా ఆయన సంతోషం పట్టలేక రిమోటు నొక్కేశాడు.

కుర్చీ సన్నగా మూలుగుతూ బయల్దేరింది. ఆపు అన్నారు అత్తయ్య. ఆవిడ భయపడ్డారనుకున్నాడు మా ఆయన. ఏం కాదమ్మా, ఏం కాదు అంటూ ఇంకా గట్టిగా నొక్కాడు. పైనుంచి మామయ్య, వచ్చేస్తున్నావ్, వచ్చేస్తున్నావ్ అంటున్నారు. నేనేమో చప్పట్లు కొడుతున్నాను. ఆపమని ఆవిడ మూడోసారి అన్నాక గానీ మాకు బుర్ర పనిచేయలేదు. కుర్చీని కిందకి తెచ్చాం. ఆవిడ బెల్టు తనే విప్పుకున్నారు. కర్ర అందుకుని నిలబడ్డారు.

"లగేజీని కూడా నేను చెప్పి ఎక్కిస్తానురా," అన్నారు కొడుకుతో. గొంతు పెంచలేదు. "నన్ను మూటలా ఎక్కించేశారు."

అంతే, ఇక ఆ కుర్చీ దగ్గరికి వెళ్లలేదు.

మర్నాటి నుంచి బతిమలాడే పని మొదలైంది. మా ఆయన అమ్మా అమ్మా అంటూ వెనకాలే తిరిగాడు. మామయ్య, కండక్టరమ్మా ఒక్కసారి అంటే, సర్వీసు రద్దు అని జవాబు వచ్చింది. పక్కింటి పిన్నిగారు వచ్చి, నాకైతే పొద్దున్నుంచీ దాని మీదే ఊరేగాలనిపిస్తుందమ్మా అంటే, మీ మోకాళ్లు నాకిచ్చి మీరు ఊరేగండి అన్నారు. నవ్వుతూనే అన్నారు. కానీ భోజనాల దగ్గర ఆ వారం బెల్లు కొంచెం మెల్లగా పడింది.

ఆవిడకి భయమేనని మా ఆయన తేల్చేశాడు. మోటారు చప్పుడుకి కంగారు పడ్డారన్నాడు. జీవితమంతా ఇంజను పక్కన గడిపిన మనిషికి ఈ దోమ చప్పుడుకి భయమా అని నేనన్నాను. మరింకేమిటో నువ్వే చెప్పు అన్నాడు. నాకూ తెలీదు.

బుధవారం సాయంత్రం అత్తయ్య మోకాళ్లకి మందు రాస్తూ కూర్చున్నాను. ఆ మందు ఘాటుకి కళ్ల నీళ్లు వస్తాయి, మాటలు కూడా వస్తాయి. అత్తయ్య పాత కబుర్లు చెబుతారు. ఆ రోజు చెప్పింది డిపో యార్డు సంగతి.

కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజులు. మధ్యాహ్నం భోజనాల వేళ, యార్డులో ఆగి ఉన్న బస్సులో ఎవరూ లేరు కదా అని ఆవిడ డ్రైవరు సీట్లో కూర్చున్నారట. ఊరికే. స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టి, ముందు అద్దంలోంచి చూశారట. రోజూ వెనక నుంచి చూసే రోడ్డు అక్కణ్నుంచి ఇంకోలా ఉంటుందని అప్పుడే తెలిసిందట. డ్రైవరు ఉద్యోగానికి ఆడవాళ్లని తీసుకునే రోజులు కావవి. అడుగుదామా అని మనసులో అనుకుంటూ ఉండగానే డిపో మేనేజరు చూశాడు. బెల్లు కొట్టే చేతులకి స్టీరింగు ఎందుకమ్మా, దిగు దిగు అన్నాడు. భోజనాలు చేస్తున్నవాళ్లంతా నవ్వారు.

"మామయ్య కూడానా?" అనడిగాను.

ఆయన నోటినిండా అన్నం ఉంది, అందుకని మిగతావాళ్లంత గట్టిగా నవ్వలేదులే అన్నారు అత్తయ్య. తర్వాత ఎడమ మోకాలికి కూడా రాయమన్నారు.

నాకు ఆ కథ బాగా నచ్చింది. నచ్చి ఊరుకున్నాను. కుర్చీకీ దానికీ ముడి పెట్టడం నాకు తోచలేదు.

నాకు తోచింది ఇంకొకటి. గురువారం భోజనాల దగ్గర అత్తయ్య చెంచా ఎత్తి, గ్లాసు మీద కొట్టబోతూ, ముందు అందరి కంచాలూ కలయజూశారు. ఆ చూపు నేను ఎక్కడ చూశానా అనుకున్నాను. కుర్చీలో కూర్చుని ఆవిడ అటూ ఇటూ తిప్పి చూసిన చూపు అదే. భయం కాదది. ఎవరి కాలైనా అడ్డం ఉందా, ఎవరి చెయ్యైనా ఇరుక్కుంటుందా అని చూసుకుంటున్నారు. చూసుకోవడం పూర్తి కాకముందే మేం బండి తీసేశాం. డబుల్ బెల్లుని ఎక్కించుకుని, ఆవిడ బెల్లు పడకుండానే బండి కదిపాం. అదీ ఎవరు? డ్రైవరు కొడుకు.

ముద్ద నోట్లో పెట్టుకోకుండానే లేచి మా ఆయన్ని వంటింట్లోకి లాక్కెళ్లి చెప్పాను. వాడి, అంటే మా ఆయన, ముఖం చూడాలి. పరీక్ష హాల్లోంచి బయటికొచ్చాక జవాబు గుర్తొచ్చినవాడిలా అయిపోయాడు.

"మరి బెల్లు ఎక్కడ తెస్తాం?" అన్నాడు.

నేను పెరట్లోకి చూశాను. అక్కడ గోడకి ఆనించి మా సైకిలు ఉంది. పెళ్లికి ముందు మా షాపు ముందు నుంచి వెళ్తూ ఆ సైకిలు బెల్లే మా ఆయన అవసరం లేకుండా మోగించేవాడు. షాపులో అందరికీ తెలిసిపోయేది. దాన్ని విప్పాలంటే కొంచెం మనసొప్పలేదు, ఇద్దరికీ. తర్వాత స్క్రూడ్రైవరు నేనే తెచ్చాను.

శుక్రవారం మెకానిక్కు చెప్పిన వేళకే వచ్చాడు. కుర్చీ ఎడమ చేతిపట్టుకి రబ్బరు బెల్టుతో కట్టిన సైకిలు బెల్లు చూసి, ఇదేమిటండీ అన్నాడు. పట్టాకి ఎక్కడైనా తగులుతుందేమోనని వంగి చూశాడు. తగలదని నమ్మకం కుదిరాక, మీ ఇష్టం అన్నట్టు పక్కకి జరిగాడు.

అత్తయ్య ముందుగది గుమ్మంలో నిలబడి బెల్లు చూశారు. మా ఆయన్ని చూశారు. వాడు నేల చూపులు చూస్తున్నాడు.

"బుర్ర ఎవరిది?" అన్నారు.

"నీ కోడలిదమ్మా. బెల్లు నాది," అన్నాడు మా ఆయన.

ఆవిడ కర్ర నా చేతికిచ్చి వచ్చి కూర్చున్నారు. బెల్టు పెట్టుకున్నారు. రిమోటు పట్టుకుని పైమెట్టు మీద నిలబడింది ఈసారి మామయ్య. చొక్కా లోపలికి దోపుకుని, డ్యూటీ ఎక్కినట్టే తయారయ్యారు. రిమోటు మీద వేలు మాత్రం పెట్టలేదు. అత్తయ్య పలక కింద చూశారు. నన్నూ మా ఆయన్నీ వెనక్కి జరగమన్నారు. మెకానిక్కుని కూడా జరగమన్నారు. తర్వాత ట్రింగ్ ట్రింగ్.

రెండో ట్రింగ్ చెవిలో ఆరకముందే కుర్చీ కదిలింది.

మెట్ల మీదుగా ఆవిడ అలా నెమ్మదిగా, వీపు నిటారుగా పెట్టుకుని పోతుంటే, నేను ఈసారి చప్పట్లు కొట్టలేదు. మా ఆయన చెయ్యి పట్టుకున్నాను. సగం దూరం వెళ్లాక ట్రింగుమని ఒక్కటే మోగింది. కుర్చీ చటుక్కున ఆగింది. ఏమైందని మెకానిక్కు కంగారుగా రెండు మెట్లు ఎక్కాడు.

అత్తయ్య మా వైపు తిరిగి, ఇక్కడ ఎక్కేవాళ్లెవరైనా ఉన్నారా అనడిగారు. ఎవరూ లేరని తేల్చుకుని పైకి చూశారు.

"బ్రేకు ఇంకా బాగానే ఉంది డ్రైవరు గారూ," అన్నారు.

మామయ్య నవ్వారు. ఆ మనిషి పళ్లన్నీ కనిపించేలా నవ్వడం నేను పెళ్లిఫొటోలో కూడా చూడలేదు. ఇక అయిపోయింది, కుర్చీ మాదే అనుకున్నాను. నా తెలివికి నేనే మురిసిపోతున్నాను.

అప్పుడు మెకానిక్కు నెత్తి గోక్కుంటూ అన్నాడు. బాగుందండీ, చూడముచ్చటగా ఉంది, కానీ రిమోటుతో కాదు, అమ్మగారి చేత్తోనే నడపాలని మొదటి రోజే చెప్పాను కదా. ఇంట్లో ఎవరూ లేని రోజు కూడా అమ్మగారు తనంతట తను వెళ్లి రాగలగాలి. ఎలాగూ ఆగారు కదా, ఇక్కణ్నుంచి ఆవిడ చేత్తోనే పోనివ్వండి. కుడిచేతి కింద మీట ఉంది, నొక్కి పట్టుకోవడమే.

అత్తయ్య కుడిచెయ్యి మీట దగ్గరికి వెళ్లింది. ఆగింది. వేళ్లు దాని పక్కనే చేతిపట్టు మీద ఉండిపోయాయి.

"నేను కండక్టర్ని," అన్నారు. "బండి నడపడం నా పని కాదు."

పరవాలేదండీ, చాలా తేలిక అన్నాడు మెకానిక్కు. తేలికో కష్టమో కాదు అన్నారు అత్తయ్య. ఒకే మనిషి బెల్లూ కొట్టి బండీ తియ్యడం ఎక్కడైనా ఉందా అన్నారు. మాటలు హాస్యంగానే ఉన్నాయి గానీ గొంతు వేరుగా ఉంది. కిందకీ పైకీ మధ్య ఆవిడ అలా ఆగిపోయారు. మెకానిక్కు తన సంచీ వైపు చూశాడు. అందులో కుర్చీ విప్పే పానాలు ఉన్నాయి. అతను చెడ్డవాడు కాదు, ఎదురుచూసేవాళ్లు అతనికి ఉన్నారు. ఆ వేళ్లు చూస్తుంటే నాకు యార్డులో ఆగి ఉన్న బస్సు కనిపించింది. బుధవారమే విన్న కథ, నాకు ఇప్పుడు అర్థమవుతోంది. చెప్పాలని నోరు తెరిచాను. ఎవరికి, ఏమని చెప్పను?

చెప్పక్కర్లేకపోయింది. పైన మామయ్య రిమోటు నేల మీద పెట్టేశారు. రెయిలింగు పట్టుకుని ఒక్కొక్క మెట్టే దిగివచ్చి, కుర్చీ దాటి, అత్తయ్యకి ఒక మెట్టు కింద నిలబడ్డారు. డ్యూటీలో ఉండగా ఆయన సీటు వదిలి రావడం ఇదే మొదటిసారేమో, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఉన్నారు.

"ఆ రోజు యార్డులో నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను," అన్నారు.

అత్తయ్య తల తిప్పలేదు. "నోటినిండా అన్నం ఉందిగా."

"ఉంది. అయినా నవ్వాను. ఇన్నేళ్లూ నా వెనక నిలబడి, ఇక్కడ గుంట ఉంది, అక్కడ మెల్లగా అంటూ బండి నడిపించింది ఎవరు? నేను స్టీరింగు తిప్పానంతే. ఇవాళ బెల్లు నేను కొడతాను. బండి నువ్వు తియ్యి."

మామయ్య చెయ్యి చాచి సైకిలు బెల్లు మీద బొటనవేలు పెట్టారు. వెంటనే కొట్టలేదు. ముందు పాదాల పలక కింద చూశారు. మమ్మల్ని చూశారు. మెకానిక్కు కాలు కొంచెం ముందుకు ఉందని వేలితో వెనక్కి పొమ్మన్నారు. అన్నేళ్లు ముందుకే చూస్తూ బతికిన మనిషి, వెనకా పక్కలా ఎలా చూడాలో ఎప్పుడు నేర్చుకున్నారో. అద్దంలో ఆవిణ్ని చూసి నేర్చుకుని ఉంటారు.

ట్రింగ్ ట్రింగ్.

అత్తయ్య మీట నొక్కారు.

కుర్చీ ఒక్క కుదుపు లేకుండా బయల్దేరింది. దాని పక్కనే, ఒక మెట్టు వెనకగా, బెల్లు మీద చెయ్యి తియ్యకుండా మామయ్య ఎక్కుతున్నారు, కదిలే బస్సు ఫుట్‌బోర్డు మీద నిలబడ్డ కండక్టరులా. ఒకరు కూర్చుని, ఒకరు నిలబడి. ఇన్నేళ్ల తర్వాత తారుమారైపోయింది. పై మలుపు దగ్గర అత్తయ్య వేలు వదిలి ఒక్క క్షణం ఆపారు. ఎందుకని మామయ్య అడిగితే, ఊరికే, ఆపడం కూడా చూసుకోవాలిగా అన్నారు. మళ్లీ రెండు బెల్లులు. మళ్లీ బయల్దేరింది. మా ఆయన ముక్కు ఎగబీల్చాడు. నేను వాడి భుజానికి తల ఆనించాను. ఇంత గర్వం నాకు డిగ్రీ పట్టా చేతికొచ్చిన రోజు కూడా కలగలేదు. ఈ ఇంటి కోడల్నని ఇప్పుడే ఆ టీచరమ్మకి ఫోను చేసి చెప్పాలనిపించింది.

పైకి చేరాక సీటు తిప్పుకుని ఆవిడ తనే దిగారు. నేను పరిగెత్తి కర్ర అందించాను. పెద్దగది గుమ్మంలో ఆగి లోపలంతా ఒకసారి చూశారు. మంచం మీద ఆవిడ వైపు దిండు, ఆవిడ కిందకి దిగిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది. మామయ్య దాని జోలికి పోలేదు. దుప్పటి మడత మాత్రం ఇలాగేనా పెట్టడం అన్నారు అత్తయ్య. తర్వాత కిటికీ దగ్గరికి నడిచి కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

డిపో గేటు ముందు జనం కిక్కిరిసి ఉన్నారు. బండి లేదు. కొంతసేపటికి ఒక బస్సు మలుపు తిరిగింది, గేరు గర్రుమంది. తలుపు దగ్గర ఒక ముసలాయన కాలు ఇంకా మెట్టు మీదే ఉంది, బస్సు కదిలిపోయింది. ఆయన ఎలాగో లోపలికి పడ్డాడు.

అత్తయ్య మెల్లగా మామయ్య వైపు తిరిగారు.

"అన్నీ టైముకే. అందరూ బంగారమే. అంతేనా?"

మామయ్య కిటికీ గడియ సరిచేస్తున్నట్టు అటు తిరిగారు. ఇవాళ ఒక్క రోజే ఇలా అని ఏదో గొణిగారు. రేపటి నుంచీ నేనే చూస్తాను అన్నారు అత్తయ్య. ఆ మాటకి మామయ్య భుజాలు తేలికపడడం నాకు వెనక నుంచే తెలిసింది. ఒంటరిగా అబద్ధాలు చెప్పడం కూడా కష్టమే పాపం.

కింద నుంచి మెకానిక్కు మర్యాదగా కేకేశాడు. ఇక కిందకి కూడా వచ్చి చూపిస్తే పని అయిపోతుందని, తను బయల్దేరతానని.

"అతన్ని కూర్చోబెట్టి టీ ఇవ్వమ్మా," అన్నారు అత్తయ్య నాతో, కిటికీ మీంచి కళ్లు తియ్యకుండా. "నాకూ ఒకటి పట్రా. చివరి స్టాపులో డ్రైవరు టీ తాగకుండా బండి తియ్యదు."

"మరి కండక్టరుకి?" అన్నారు మామయ్య.

"కండక్టరు నిలబడి తాగుతాడు," అన్నారు అత్తయ్య.

నేను టీ పెట్టాను. పైకి రెండు గ్లాసులు తీసుకెళ్లేసరికి మామయ్య నిజంగానే కిటికీ పక్కన నిలబడి ఉన్నారు. అత్తయ్య పక్కనున్న రెండో కుర్చీని కాలితో కొంచెం ఆయన వైపు తోశారు. ఆయన కూర్చున్నారు. నేను చప్పుడు చెయ్యకుండా కిందకి వచ్చేసి, మిగిలిన టీ మెకానిక్కుకీ మా ఆయనకీ పోసి, మెట్ల దగ్గర నిలబడ్డాను.

మెకానిక్కు టీ పూర్తి చేశాడు. గ్లాసు కడిగి పెట్టబోతే వద్దన్నాను. చేతులు కట్టుకుని సోఫా అంచున కూర్చుని, ఇవాళ ఇంకో ఇల్లు చూడాలి అన్నాడు గానీ లేవలేదు. పైన కుర్చీ సీటు తిరిగిన చప్పుడు వినిపించింది. బెల్టు టక్కుమని పడింది.

తర్వాత రెండు బెల్లులు మోగాయి. మేం ముగ్గురం మెట్ల దగ్గర నుంచి పక్కకి జరిగి దారిచ్చాం.